సాదా చూపు

సాదా చూపంటే సాదా దోశ లాంటిదని చెప్పింది నేనే. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటే నా మనసు కాస్త తేలికపడుతుంది.

నా పేరు బత్తుల యోహాను. జువ్వలమెట్ట పోలీసు స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్ని, స్టేషన్ రైటర్ని కూడా. పంచనామాలూ, రిజిస్టర్లూ, పైవాళ్ళు అడిగే సంజాయిషీలూ అన్నీ నా చేతిరాతే. ఇరవై ఆరేళ్ళు రాసి రాసి కళ్ళు పోగొట్టుకున్నాను. నా కళ్ళజోడు మైనస్ ఏడు. అది తీసేస్తే మా ఆవిడకీ బీరువాకీ తేడా తెలియదు. ఈ మాట దయచేసి ఆవిడ దాకా పోనివ్వకండి.

ఆ రోజు పొద్దున తపాలాలో ఒక సర్క్యులర్ వచ్చింది. తనిఖీ వారెంటు లేకుండా పోలీసులు సాక్ష్యాన్ని ఎప్పుడు పట్టుకోవచ్చో అందులో రాశారు. అసలు కాగితం ఇంగ్లీషులో ఉంటుంది, 'ప్లెయిన్ వ్యూ' అని. పై ఆఫీసులో ఎవరో పుణ్యాత్ముడు దాన్ని తెలుగు చేశాడు. "విధినిర్వహణలో న్యాయసమ్మతముగా నిలిచియున్న అధికారికి, సాదా చూపునందు గోచరించి, తక్షణమే నేరసంబంధమని స్ఫురించిన వస్తువును వారెంటు లేకుండగనే స్వాధీనపరచుకొనవచ్చును" అని ఉంది.

మా ఎస్సై ధనుంజయ గారు దాన్ని మూడుసార్లు చదివారు. ఇరవై తొమ్మిదేళ్ళ కుర్రాడు. స్టేషన్‌కొచ్చి నాలుగు నెలలైంది. మంచివాడే, కాకపోతే వచ్చిన ప్రతి కాగితాన్నీ నమ్ముతాడు.

"రైటర్ గారూ, సాదా చూపంటే ఏమిటండీ?" అన్నారు.

టైము తొమ్మిదిన్నర. నేనింకా టిఫిన్ చెయ్యలేదు. కిటికీలోంచి ఎదురుగా రోడ్డవతల కాశింబీ దోశల బండి, దాని మీద 'ప్లెయిన్ దోశ' అనే బోర్డు కనిపిస్తున్నాయి. నా బుర్రంతా అక్కడే ఉంది.

"సాదా దోశ ఉంటుంది చూడండి సార్. ఉల్లిపాయ లేకుండా, కారం లేకుండా, నెయ్యి లేకుండా. అలాగే మధ్యలో ఏమీ లేకుండా చూసేది సాదా చూపు" అన్నాను.

ఎస్సై గారు పెన్ను బుగ్గకి ఆనించుకుని ఆలోచించారు. "ఏమీ లేకుండా అంటే... కళ్ళజోడు కూడా లేకుండా అన్నమాట."

అప్పుడు నేను కాదనాలి. ఎదురుగా మామూలుగా కనబడేదని అర్థం సార్, దీనికీ కళ్ళజోడుకీ సంబంధం లేదు అనాలి. కానీ కాశింబీ అప్పుడే పెనం మీద నీళ్ళు చిలకరించింది. ఆ చుయ్యిమనే చప్పుడు నా కడుపులో వినిపించింది.

"అంతే సార్" అని లేచి వెళ్ళిపోయాను.

నేను రెండు దోశలు తిని వచ్చేసరికి ఎస్సై గారు 'స్పష్టీకరణ' పేరుతో రెండు పేజీలు రాసి డీఎస్పీ వామనమూర్తి గారికి పంపేశారు. సాయంత్రానికల్లా జవాబు వచ్చింది. "జువ్వలమెట్ట ఎస్సై గారి చొరవ శాఖాపరంగా మిక్కిలి ప్రశంసనీయము. కృత్రిమ సాధనముల ద్వారా చూచుట సాదా చూపు కానేరదు. వస్తువును స్వాధీనపరచుకొనుట, భద్రపరచుట, తనిఖీ చేయుట, అప్పగించుట, సర్వమూ సాదా చూపు చేతనే జరుగవలెను. ఈ ఉత్తర్వు సబ్ డివిజన్‌లోని అన్ని స్టేషన్లకూ వర్తించును."

అది చదివాక తిన్న రెండు దోశలూ నాకు అరగలేదు.

మర్నాడు స్టేషన్ వరండాలో కంటి పరీక్ష జరిగింది. డ్రైవింగ్ లైసెన్సులకి సర్టిఫికెట్లిచ్చే డాక్టరు దగ్గర అక్షరాల అట్ట తెచ్చి గోడకి తగిలించారు. పదకొండు మందిలో నలుగురు పాసయ్యారు. కోటిలింగం అనే కానిస్టేబులైతే అట్ట చివరి వరుస చదివి, దానికింద అట్ట అచ్చేసిన ప్రెస్సు పేరు కూడా చదివాడు. అతను బస్టాండులో నిలబడి సెల్ టవర్ మీద కాకి దేన్ని పొడుస్తోందో చెప్పగలడు. ఆ నలుగురికీ 'సాదా చూపు దళం' అని పేరు పెట్టారు. మిగిలిన మేం ఏడుగురం డ్యూటీలో చూడాల్సి వచ్చినప్పుడల్లా కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకోవాలని ఆర్డరు.

ఎస్సై గారికి పరీక్ష లేదు. కళ్ళజోడు లేని మనిషి, పైగా ఆఫీసరు.

సర్క్యులర్లో మిగిలిన మాటల్ని కూడా ఆయన వదల్లేదు. 'నిలిచియున్న' అని ఉంది కాబట్టి కూర్చుని చూస్తే చెల్లదన్నారు. 'తక్షణమే' అని ఉంది కాబట్టి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేలోపు అది నేరానికి సంబంధించిన వస్తువని తట్టాలి. నాలుగు అన్నాక తడితే చెల్లదు. దళం వాళ్ళు ఊళ్ళో నిలబడి, దేన్నో చూసి పైకి లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు. సంతకొచ్చిన ముసలాళ్ళు అదేదో దోమల మందు కొట్టే లెక్క అనుకున్నారు.

ఇది జరుగుతుండగా ఒక శనివారం కాశింబీ బండి దగ్గర గొడవైంది. ఎరువుల కొట్టు గుమస్తా నాంచారయ్యా, ఆస్తిపన్ను వసూలు చేసే గోపయ్యా ఇద్దరూ రోజూ పక్కపక్కనే నిలబడి తినే స్నేహితులు. ఆ రోజు ముందు దోశ నాదంటే నాదని మాటా మాటా పెరిగింది. నాంచారయ్య అట్లకాడ లాక్కుని గోపయ్య మోచేతి మీద ఒక్కటిచ్చాడు. తోలు లేచింది. గోపయ్య మండిపోతూ రోడ్డు దాటొచ్చి కేసు పెట్టాడు.

కోటిలింగం ఆ రోజు తిరునాళ్ళ బందోబస్తుకి పోయాడు. ఎస్సై గారే స్వయంగా బయల్దేరారు. వెనకాల నేను, పంచనామా పుస్తకంతో.

దెబ్బ కొట్టాక నాంచారయ్య భయపడి అట్లకాడని పిండిగిన్నెలో పడేశాడు. అది మొత్తం పిండిలో మునిగిపోయింది. కాశింబీ తియ్యబోయింది కూడా.

"ఆగు. నువ్వు తీసి చూపిస్తే అది సాదా చూపు కాదు" అన్నారు ఎస్సై గారు. బండి ముందు నిటారుగా నిలబడ్డారు. పెనం మీద కారం దోశ ఒకటి మాడుతోంది. పొగంతా ఆయన మొహం మీదికే పోతోంది. ఆయన దగ్గారు, తుమ్మారు, కుడికన్ను బరబరా నులుముకున్నారు. ఒకటి, రెండు అన్నారు.

"రైటర్ గారూ, అట్లకాడ కనబడటం లేదు. కనబడనిదాన్ని మనం ముట్టుకోకూడదు. కనబడుతున్నది పెనం. పెనమంటూ లేకపోతే అట్లకాడతో పని లేదు. కాబట్టి నేరానికి మూలకారణం పెనమే. మూడు."

"సార్, కొట్టింది అట్లకాడతో కదా" అన్నాను.

"మీ కళ్ళజోడు తీసి మాట్లాడండి."

తీశాను. ఆ తర్వాత నాకు అట్లకాడా లేదు, పెనమూ లేదు, ఎస్సై గారు కూడా ఖాకీ రంగు మబ్బులా ఉన్నారు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను. "నల్లటి గుండ్రటి ఇనుప పెనము ఒకటి. దానిపై సగము కాలిన కారం దోశ ఒకటి."

కాశింబీ ఏడవలేదు. ఆమెకి యాభై రెండేళ్ళు. దూదేకుల వాళ్ళమ్మాయి, మొగుడు పోయినప్పటినుంచీ ఆ బండే ఆమె ఇల్లు గడిపింది. నన్ను అన్నా అని పిలుస్తుంది. "అన్నా, మా అత్త నాతో మంచిగా మాట్లాడింది జన్మలో ఒక్కసారి. ఆ పెనం నా చేతికిచ్చిన రోజు. ముప్పై ఏళ్ళ నూనె పీల్చిన పెనం అది. చల్లనీళ్ళు మాత్రం పొయ్యొద్దని చెప్పు వాళ్ళకి" అంది.

నేను తలూపాను. ఎటువైపు ఊపానో నాకే తెలియదు, కళ్ళజోడు జేబులో ఉంది.

రాజీ పడటానికి నాంచారయ్యకీ గోపయ్యకీ ఒక పూట చాలింది. మర్నాడే భుజాల మీద చేతులేసుకుని వచ్చి కేసు వద్దు, మా పెనం మాకివ్వండి అన్నారు. ఎస్సై గారు వాళ్ళకి టీ ఇప్పించి, "ఫిర్యాది మారవచ్చు, ముద్దాయి మారవచ్చు, సాక్ష్యం మారదు" అని పంపించేశారు. పాపం ఆయనకి రెండ్రోజులు కుడికన్ను సరిగా తెరుచుకోలేదు. కారం పడిందన్నారు.

పెనం కేసు డీఎస్పీ గారికి నచ్చింది. నచ్చిందని తెలిశాక దళం రెచ్చిపోయింది. కొబ్బరిబోండాల కత్తి కనబడింది, పట్టుకొచ్చారు. మంగలి షాపులో మంగలికత్తి కనబడింది, తెచ్చారు. ఫొటో స్టూడియో అద్దాల్లో ఒక పెళ్ళికొడుకు కేకు కోస్తున్న ఫొటో ఉంటే, చాకు చేతపట్టిన ఆగంతకుడని ఆ ఫ్రేము తెచ్చారు. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు వచ్చి గుర్తుపట్టి, ఫొటోలో బాగా పడ్డాడని మెచ్చుకుని వెళ్ళారు. ఫ్రేము ఇవ్వలేదు. నెల తిరక్కుండా ప్రాపర్టీ గదిలో రెండువందల పద్నాలుగు వస్తువులు చేరాయి. వాటిని చూసుకునే బాధ్యత నాది. చూడాల్సింది సాదా చూపుతో. అంటే నేను ఆ గదిలోకి వెళ్ళి, కళ్ళజోడు తీసి, కాసేపు నిలబడి, మళ్ళీ పెట్టుకుని బయటకొచ్చి 'తనిఖీ చేయడమైనది' అని రాసేవాణ్ణి.

ఊరు తక్కువదేం కాదు. కనబడితేనే కదా గొడవ అని అందరూ అన్నీ కప్పేశారు. కొబ్బరిబోండాలవాడు దుప్పట్లో దూరి బోండాం కొట్టి చెయ్యి మాత్రం బయటపెట్టేవాడు. చేపలమ్మే పోలేరమ్మ దోమతెరలో కూర్చుని బేరమాడేది. ఇనుప సామాన్ల షాపుకి పరదా కట్టి, 'లోపల ఏమున్నవో మాకును తెలియదు' అని బోర్డు పెట్టారు. ఊళ్ళో పాత దుప్పటి దొరకడం గగనమైపోయింది. కళ్యాణమండపంలో వంటవాళ్ళు కత్తిపీటల్ని చీరల కింద పెట్టుకుని కూరగాయలు తరిగితే, ఆ పెళ్ళిలో వంకాయ కూర ఏ ముక్కకి ఆ ముక్క వేరే సైజు.

ఈ లోపు మా స్టేషన్ సైకిలు పోయింది. సెంట్రీ డ్యూటీలో ఉన్న వెంకటరత్నానిది మైనస్ ఐదు. ఉత్తర్వు ప్రకారం కళ్ళజోడు జేబులో ఉంది. ఎవరో వచ్చి, బెల్లు కొట్టి మరీ, సైకిలెక్కి వెళ్ళిపోయాడు. వెంకటరత్నం సెల్యూట్ కొట్టాడట, ఎందుకైనా మంచిదని.

దీన్ని దొంగతనంగా రాయాలా వద్దా అని నేను ఎస్సై గారిని అడిగాను. ఆయన పైకి రాశారు. డీఎస్పీ గారు జవాబిచ్చారు. "బాధ్యుడైన అధికారి సాదా చూపునకు గోచరించని వస్తువు కస్టడీలో ఉన్నట్లు భావింపరాదు. కస్టడీలో లేనిది పోవుట అసంభవము. కావున సైకిలు పోలేదు." ఆ జవాబుని నేను ఫైల్లో పెట్టాను. ఏ కాగితం ఎప్పుడు పనికొస్తుందో రైటరుకి తెలియాలి.

కాశింబీ పరిస్థితే బాగాలేదు. కొత్త పెనం కొంది. దోశ వేస్తే అతుక్కుపోతుంది, గీకితే పేలికలు వస్తాయి. "ఇవి దోశలా, విచారణలా? ముక్కముక్కలుగా తీస్తున్నా" అనేది. వారం చూసి గిరాకీ అంతా బస్టాండు హోటలుకి మళ్ళింది. నేను మాత్రం రోజూ వెళ్ళి ఆ పేలికలే తినేవాణ్ణి. పాపానికి అదొక ప్రాయశ్చిత్తం. నా వల్లే అని ఆమెతో చెప్పడానికి మాత్రం నోరు రాలేదు.

పంతొమ్మిదో రోజున ఇంకో కాగితం వచ్చింది. పెనాన్ని ఫోరెన్సిక్ ల్యాబుకి పంపాలి, శుక్రవారం పదకొండు గంటలకి డీఎస్పీ గారి సమక్షంలో ల్యాబు వ్యాను వచ్చి తీసుకెళ్తుంది. నేను ల్యాబుకి ఫోను చేసి ఏం చేస్తారయ్యా అని అడిగాను. "ముందు మురికంతా పోయేదాకా ఆసిడ్‌తో తోముతామండి, ఆ తర్వాత పరీక్ష" అన్నాడు అక్కడి కుర్రాడు, ఎంతో మర్యాదగా.

ఆ మురికే కాశింబీ జీవితమని అతనికెలా చెప్పను? రోడ్డు దాటి వెళ్ళి ఆమెకి చెప్పేశాను. సాదా దోశ సంగతి కూడా. అంతా విని ఆమె అట్లకాడ పక్కన పెట్టింది.

"ఆకలి మీద మాట్లాడకూడదన్నా. తిన్నాకే మాట్లాడాలి" అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. తిట్టినా బాగుండేది.

తర్వాత ఆమె బండి అడుగునుంచి ఒక గాజుగ్లాసు తీసింది. అందులో నీళ్ళు. నీళ్ళలో ఏదో చిన్న పొర తేలుతోంది. "ఆ రోజు పెనం తీసుకెళ్ళాక పిండిగిన్నెలోంచి అట్లకాడ తీశాను. దానికి ఇది అంటుకుని ఉంది. చేప పొలుసు అనుకున్నా. నా బండి మీద చేపలెక్కడివి? ఏదైనా కేసు సామానేమోనని దాచిపెట్టా."

నేను గ్లాసు వెలుగుకి పెట్టి, కళ్ళజోడుతోనే చూశాను. మా రెండో అమ్మాయి డిగ్రీలో చేరినప్పటినుంచీ మా ఇంట్లో అద్దం దగ్గర వెతుక్కునేది ఇలాంటిదే. కాంటాక్ట్ లెన్సు.

ఎస్సై గారి గదికి వెళ్ళి తలుపు దగ్గరేశాను. గ్లాసు బల్లమీద పెట్టాను. ఆయన చూశారు. చెయ్యి దానంతటదే కుడికంటి దగ్గరికి వెళ్ళింది.

"ఎంత సార్?" అన్నాను.

"నాలుగున్నర. రెండూ." గొంతు తగ్గించి, "ఉద్యోగంలో చేరాకే వచ్చింది, రైటర్ గారూ. మోసమేం లేదు. కళ్ళజోడు పెట్టుకుంటే యూనిఫాంలో ఉన్నా సరే నన్నందరూ మేనేజర్ గారూ అంటున్నారు. మొన్న బ్యాంకుకి వెళ్తే ఒకావిడ నా చేతికి పాస్‌బుక్కు ఇచ్చింది."

నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. కుర్రాడి మొహం పాలిపోయింది. ఆయన ఆర్డరు ప్రకారం ఆయన పట్టుకున్న వస్తువేదీ చెల్లదు. పెనం అసలే చెల్లదు. రెండు లెన్సులతో మొదలై ఒక లెన్సుతో ముగిసిన స్వాధీనం అది.

నేను నా పాపం కూడా ఆయన ముందు పెట్టాను. సాదా చూపంటే ఇది కాదు సార్, ఎదురుగా మామూలుగా కనబడటం, నేను దోశ ధ్యాసలో ఉండి అలా అన్నాను అని చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు.

"ఇప్పుడా చెప్పడం? డీఎస్పీ గారు సంతకం పెట్టి అన్ని స్టేషన్లకీ పంపేశారు. ఉత్తర్వు తప్పంటే ఆయన తప్పన్నట్టు."

"తప్పనొద్దు సార్. తు.చ. తప్పకుండా పాటిద్దాం" అన్నాను. అని సైకిలు ఫైలు తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివారు.

"రేపు లెన్సులు పెట్టుకోకండి సార్" అన్నాను.

శుక్రవారం డీఎస్పీ వామనమూర్తి గారు చెప్పిన టైముకే వచ్చారు. బంగారు ఫ్రేము కళ్ళజోడు, అద్దాలు మా అమ్మమ్మ పచ్చడి సీసా అడుగంత మందం. వరండాలో అక్షరాల అట్ట చూసి మెచ్చుకున్నారు. దళాన్ని మెచ్చుకున్నారు. "మీ స్టేషన్ని ఆదర్శ స్టేషన్‌గా పైవారి దృష్టికి తీసుకుపోవు ఆలోచన యున్నది" అన్నారు. ఆయన మామూలుగా మాట్లాడినా కాగితంలాగే ఉంటుంది. ల్యాబు కుర్రాడు ప్లాస్టిక్ సంచీ పట్టుకుని వెనకాల నిలబడ్డాడు. కాశింబీ వరండా బెంచీ మీద కూర్చుంది, అడగడానికేమీ లేదన్నట్టు.

ప్రాపర్టీ గది తలుపు తెరిచాను. సరిగ్గా గుమ్మానికి ఎదురుగా, నేల మీద, గోడకి ఆనకుండా పెనం పడి ఉంది. అక్కడ పెట్టింది నేనే. అంతకంటే బాగా కనబడేలా పెట్టడం ఎవరి తరమూ కాదు.

"అప్పగింత కానివ్వండి" అన్నారు డీఎస్పీ గారు.

"సార్, ఉత్తర్వు ప్రకారం అప్పగింత సాదా చూపు చేతనే జరగాలి" అని, కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని నిటారుగా నిలబడ్డాను. ఒకటి, రెండు, మూడు అని పైకే లెక్కపెట్టాను. "పెనం కనబడటం లేదు సార్."

అబద్ధమేం లేదు. నాకు నిజంగానే కనబడలేదు.

"ఎస్సై గారూ, మీరు చూచి ధ్రువీకరించండి."

ధనుంజయ గారు గుమ్మంలో నిలబడ్డారు. ఆయన చెవులు ఎర్రబడటం నాకు కనబడలేదు గానీ, ఊహించగలను. "ఒకటి... రెండు... మూడు. నాకూ కనబడటం లేదు సార్."

"సార్, అదుగో, మీ కాళ్ళ ముందే ఉందండి" అన్నాడు ల్యాబు కుర్రాడు.

"బాబూ, నువ్వు పోలీసు అధికారివి కాదు. నీ చూపుకి చట్టంలో చోటు లేదు" అన్నాను.

"ఈయన మాట వాస్తవమే" అన్నారు డీఎస్పీ గారు అయిష్టంగా. అందరం ఆయన వైపే చూస్తున్నామని ఆయనకి తెలిసింది. కళ్ళజోడు మీద చెయ్యి వేసి కాసేపు ఆగారట. చివరికి తీసేశారు. తీసేశాక ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా అయిందని తర్వాత కాశింబీ చెప్పింది. పరిశీలన నిమిత్తం రెండడుగులు ముందుకి వేశారు. బూటు పెనానికి తగిలింది. ఖంగుమని గదంతా మోగింది.



"ఏమిటా చప్పుడు?" అన్నారు డీఎస్పీ గారు.

"చప్పుడే సార్. చూపు కాదు. వినబడిన వస్తువు గురించి ఇంకా సర్క్యులర్ రాలేదు" అన్నాను.

ఆయనకి అర్థమైంది. మనిషి అంత తెలివితక్కువవాడేం కాదు. కనబడిందంటే తన ఉత్తర్వుని తనే మీరినట్టు. ఆ తర్వాత రెండువందల పద్నాలుగు వస్తువులకీ, సైకిలుకీ, అన్ని స్టేషన్లలో కళ్ళజోళ్ళు తీసి తిరుగుతున్న వాళ్ళ మోకాలి దెబ్బలకీ జవాబు చెప్పుకోవాలి. గొంతు సవరించుకున్నారు.

"బాధ్యులైన అధికారులెవ్వరి సాదా చూపునకూ గోచరించనందున, సదరు పెనము కస్టడీలో లేదని ధ్రువీకరించడమైనది. లేనిదానిని ల్యాబునకు పంపు ప్రశ్న ఉత్పన్నము కాదు. రైటర్, రాసుకోవయ్యా."

"కళ్ళజోడు పెట్టుకుని రాయొచ్చా సార్?"

"రాయుటకు అభ్యంతరము లేదు. చూచుటకే."

ఆ మాటలింకా పూర్తవలేదు. కాశింబీ బెంచీ మీంచి లేచింది. మా ముగ్గురి మధ్యలోంచి, ఒక మాట లేకుండా, దారి ఇవ్వండని కూడా అడక్కుండా లోపలికొచ్చింది. వంగి పెనం తీసి కొంగుతో తుడుచుకుంది. నాకు రంగుల మరక ఒకటి వంగి లేచినట్టు అనిపించింది, అంతే. ఆమె నా పక్కనుంచి పోతుంటే మాడిన కారం వాసన వచ్చింది. ఇరవై రోజులైనా ఆ వాసన పోలేదు. నాకు కళ్ళు చెమర్చాయి. అసలే కనబడని కళ్ళు, వాటికి ఆ నీళ్ళు కూడా తోడైతే ఇంకేం చూస్తాను.

రాయడానికి కళ్ళజోడు పెట్టుకుని తలెత్తితే గేటు దగ్గర కోటిలింగం ఉన్నాడు. ఆ సంగతి నేను మర్చిపోయాను. ఊరంతటికీ అతనొక్కడికే అన్నీ కనబడతాయి. ఒకటి అన్నాడు కోటిలింగం. రెండు అన్నాడు. కాశింబీ నడక ఆపలేదు. "రేపు తెల్లారే రా తమ్ముడూ. మొదటి వాయి నీకే" అంది. కోటిలింగం పేలికల దోశ కూడా లేక ఇరవై రోజులుగా ఉప్మా తింటున్నవాడు. మూడు అనకుండా తల పైకెత్తి సెల్ టవర్ మీద కాకిని చూస్తూ ఉండిపోయాడు.

సాయంత్రానికి ఊరంతా వచ్చింది. మేం ఏడుగురం కళ్ళజోళ్ళు తీసి వరండాలో వరసగా కూర్చున్నాం. కూర్చున్నాం కాబట్టి చూసినా చెల్లదు. ఎవరి కత్తి వాళ్ళు, ఎవరి కత్తిపీట వాళ్ళు తీసుకెళ్ళారు. పెళ్ళికొడుకు ఫొటో మాత్రం ఆయన అత్తగారు తీసుకెళ్ళింది. సైకిలు కూడా తిరిగొచ్చింది. ఎవరు తెచ్చి పెట్టారో వెంకటరత్నం చూడలేదు, కానీ ఈసారి కూడా సెల్యూట్ కొట్టాడు.

మర్నాడు పొద్దున ఏడింటికి నేను వెళ్ళేసరికి బండి చుట్టూ జనం. కోటిలింగం అప్పటికే మూడోది తింటున్నాడు. నాంచారయ్యా గోపయ్యా నువ్వు ముందంటే నువ్వు ముందని తగూలాడుకుంటున్నారు. కాశింబీ పెనం మీద పిండి వేసి, గుండ్రంగా తిప్పి, అంచున అట్లకాడ పెట్టగానే దోశ దానంతటదే లేచి వచ్చింది. ఒక్క పేలిక లేదు. ఆమె ఆ దోశని అందరికీ కనబడేలా ఒక్క క్షణం పట్టుకుని, తర్వాత నా ఆకులో వేసింది.

అప్పుడు రోడ్డు దాటి ఒక కళ్ళజోడు మనిషి వచ్చాడు. సివిల్ డ్రెస్సు, చేతిలో కాగితం.

"రండి మేనేజర్ గారూ, ఏం దోశ వెయ్యమంటారు?" అంది కాశింబీ.

ధనుంజయ గారు నిట్టూర్చారు. "ప్లెయిన్" అన్నారు. తర్వాత నా పక్కకొచ్చి నిలబడి కాగితం విప్పారు. "రైటర్ గారూ, పొద్దున్నే వచ్చింది. వారెంటు లేకుండా ఇంట్లో జొరబడే సందర్భాలట. 'నేరస్థుని వేడిగా తరుముచున్నప్పుడు' అని రాశారు." పెనం వైపు చూశారు. కళ్ళజోడు మీద ఆవిరి కమ్మింది. "వేడిగా అంటే, సుమారు ఎంత వేడి ఉండాలంటారు?"

కాశింబీ అట్లకాడ ఆపి నా వైపు చూసింది. నేను మిగిలిన దోశ మొత్తం మడిచి నోట్లో కుక్కుకున్నాను.